తొమ్మిది గరుకు కాగితాలు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దాటి ఐదు నిమిషాలకు దానియేలు ఇంటి వెనకాల రేకుల షెడ్డు తాళం తీశారు. మూడింటికి అతని మీద అరెస్టు కాగితం రాసి కోర్టుకు తీసుకుపోతామని పోలీసుల మాట. అంటే విజయశ్రీ చేతిలో మిగిలినవి మూడు గంటలు కూడా లేవు. మూడు గంటల్లో ముప్పై మందికి వండి వడ్డించిన మనిషే గాని, జైలు గుమ్మం ముందు నుంచి ఒక మనిషిని వెనక్కి లాగడం ఆమెకు కూడా ఒకటి రెండు సార్లే జరిగిన పని.

"పంచనామాకు వచ్చినం మేడం, పేరంటానికి కాదు. చూసేదేదో కండ్లతోటి చూడుండ్రి, చెయ్యి పెట్టద్దు," అన్నాడు ఎస్సై ఉమాకాంత్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"చెయ్యి పెట్టకుంట చూసుడు నీకు నేర్పింది నేనే గదా సారూ," అంటూ విజయశ్రీ చెప్పులు బయట విడిచి, అతని చంక కింది నుంచి లోపలికి దూరిపోయింది.

ముప్పై రెండేళ్లు పోలీసు కొలువు చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయిన మనిషి ఆమె. రెండేళ్లుగా హనుమకొండలో మేడ మీద ఒక గది తీసుకొని, తప్పిపోయిన వాళ్లను వెతకడం, చేయని తప్పు నెత్తిన పడ్డ వాళ్లను బయటికి తేవడం పనిగా పెట్టుకుంది. ఉమాకాంత్ కొత్తగా కొలువులో చేరిన రోజుల్లో పంచనామా రాయడం పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది. అప్పుడు "అక్కా, అక్కా" అని వెంట తిరిగేవాడు. భుజాల మీద నక్షత్రాలు పొడిచాక ఆ అక్క కాస్తా మేడం అయింది. పోనీలే, పిలుపులో ఏముంది అనుకుంటుంది గాని, ఎక్కడో చిన్న ముల్లు ఉండనే ఉంది.

కేసు చూస్తే చిన్నది, ముడి మాత్రం పెద్దది. ఆదివారం పొద్దున పది గంటల నలభై నిమిషాలకు వర్ధన్నపేట దాటాక, పవర్‌లూమ్ షెడ్డు యజమాని సారయ్య స్కూటీ మీద పోతుంటే, వెనక నుంచి ఒక పాతకాలపు డుగుడుగు మోటార్‌సైకిల్ గుద్ది ఆగకుండా పోయింది. నంబరు ఎవరూ చూడలేదు. రోడ్డు మీద దొరికినవి రెండే. ఒకటి చుక్కలు చుక్కలుగా ఇంజన్ ఆయిలు. రెండోది అరచేయంత లోహపు ముక్క, ఇంజన్ పక్క కవరు నుంచి విరిగిపడ్డది. ఆ ముక్క లోపలి వైపు ఉలితో కొట్టిన చిన్న శిలువ గుర్తు ఉంది. ఆ గుర్తు ఎవరిదో మగ్గాల వాళ్లలో తెలియనివాడు లేడు. మగ్గాల మోటార్లు బాగుచేసే దానియేలు తన సొంత సామాను ప్రతిదాని మీదా వేసుకునే గుర్తు అది. పైగా అతనికీ అలాంటి డుగుడుగు బండే ఉంది. పది రోజుల కింద సారయ్యతో నలుగురిలో గొడవపడి "రోడ్డు మీద కనపడు, చెప్త నీ సంగతి" అని అరిచాడు కూడా.

ఇన్ని చాలవన్నట్టు, ఆ టైముకు ఎక్కడున్నావని అడిగితే "చర్చిల ఉన్న" అన్నాడు. పాస్టరుగారిని అడిగితే "దానియేలు ఆదివారం ఆరాధనకు రాలేదు" అన్నాడు. అంతే, ఉమాకాంత్ ఫైలు ముడేశాడు. దానియేలు భార్య సుశీల మాత్రం సోమవారం పొద్దున విజయశ్రీ గది మెట్ల మీద కూర్చొని, "మా ఆయన చీమ కనపడ్డా పక్కకు జరిగే మనిషక్కా" అని ఏడ్చింది.

విజయశ్రీ షెడ్డు నడుమ నిలబడి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. మూలకు డుగుడుగు బండి, కుడి పక్క కవరు ఊడదీసి ఉంది, లోపలి పళ్ల చక్రాలు కనపడుతున్నాయి. కింద పళ్లెంలో నల్లటి ఆయిలు. కిటికీ దగ్గర బల్ల. బల్ల మీద మందపాటి అద్దం పలక. దానికి గట్టిగా చుట్టిన గరుకు కాగితం, కాగితం మీద బోర్లించిన ఇంజన్ కవరు. పక్కన డబ్బా మూతలో కిరోసిన్, నీలం మార్కరు పెన్ను. బల్ల కింద, అరిగిపోయి నున్నబడ్డ గరుకు కాగితాల కుప్ప. ఆదివారం పన్నెండున్నరకు పోలీసులు వచ్చి తాళం వేసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"చూసిండ్రు గదా," అన్నాడు ఉమాకాంత్. "పదీనలభైకి గుద్దిండు. పదకొండూ ఇరవైకి ఇల్లు చేరిండు. విరిగిన కవరు యాడనో పారేసిండు, పాత కవరొకటి తెచ్చి సాపు చేసుకుంట కూసున్నడు. మేం పోయేసరికి సగం పని అయింది. ఇంక పది నిమిషాలు ఆలస్యమైతే బండికి బిగించి, ఏమెరుగనట్టు కూసునేటోడు."

"సారయ్య సంగతేంది? తెలివికి వచ్చిండా?"

"లేదు. ఆయన బామ్మర్ది పండరి దవాఖానల్నే ఉన్నడు. రెండు దినాలాయె, బావ మంచం ఇడిసి కదుల్తలేడు. పాపం బండి గూడ తియ్యకుంట ఆటోలల్లనే తిరుగుతాండు. కంప్లైంట్ ఇచ్చింది గూడ ఆయననే. బామ్మర్దంటే గట్లుండాలె."

విజయశ్రీ ఆ మాటను చెవిలో వేసుకొని, జీపులో నుంచి దించిన దానియేలు వైపు తిరిగింది. యాభై దాటిన మనిషి, రెండు రాత్రుల నిద్ర లేక కళ్లు పీక్కుపోయాయి. సుశీల అతని పక్కనే ఉంది, చేతిలో స్టీలు టిఫిను, మూత తీయలేదు.

ఎవరైనా షెడ్డులోకి రాగానే బండి వైపు చూస్తారు. లేదంటే ఆ కవరు వైపు. దానియేలు మాత్రం వచ్చిన దగ్గర నుంచి అద్దం వైపు చూస్తున్నాడు, చూసి మళ్లీ భార్య వైపు చూస్తున్నాడు. దొంగచాటుగా పాలు తాగిన పిల్లి గిన్నె వైపు చూసినట్టు.

"దానియేలూ, నాకీ పని తెల్వది. జర సమజ్ చెయ్యి. గీ కవరును ఎందుకు రుద్దుతాన్నవు?"

మనిషిని కొడితే నోరు మూసుకుంటాడు గాని, వచ్చిన పని గురించి అడిగితే నోరు మూసుకోలేడు. దానియేలు కవరు దగ్గరికి జరిగాడు.

"కవరుకు, ఇంజన్‌కు నడుమ కాగితం ప్యాకింగ్ పడ్తది మేడం. కవరు అంచు ఒక్క తీరుగ సాపుగుంటేనే ప్యాకింగ్ పట్టుకుంటది. ఎవడో దీన్ని స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నిండు, అంచు వంగింది. వంగితే ఎంత బిగించినా ఆయిల్ కారుతది. అందుకని గట్టి అద్దం మీద గరుకు కాగితమేసి రుద్దాలె. ముందుగాల అంచంత నీలం గీతలు గియ్యాలె. రుద్దినంక ఏడ గీత పోతదో అది మిట్ట. ఏడ గీత పోదో అది పల్లం. ఆఖరి గీత పోయేదాక రుద్దుడే."

"బలంగ రుద్దాల్నా?"

"వద్దు, వద్దు! బలం పెడితే ఒక దిక్కు ఒరుగుతది. ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుకుంట, నడుమ నడుమ కవరు మలుపుకుంట, గంధం తీసినట్టు తియ్యాలె."

విజయశ్రీ వంగి చూసింది. కవరు అంచు మీద ఇంకా రెండు చోట్ల నీలం గీతలు మిగిలి ఉన్నాయి. ఇతని మాటల్లోనూ అంతే, అనుకుంది. రుద్దితే పోని గీత ఎక్కడుందో అక్కడే పల్లం ఉంది.

"మంచిది. మరి గీ అద్దం యాడిది?"

దానియేలు చూపు భార్య మీదికి పోయి కిందికి వాలింది.

"ఇంట్లదే," అన్నాడు.

విజయశ్రీ రుమాలు చుట్టుకొని అద్దం అంచు పట్టి కొంచెం పైకెత్తింది. "మేడం!" అని ఉమాకాంత్ అరిచేలోపే ఆమె చూడవలసింది చూసేసింది. అర అంగుళం మందం. ఒక మూల చిన్నగా పెచ్చు ఎగిరింది. అడుగు వైపు రూపాయి బిళ్లంత తెల్లటి మైనం మరక.

"సుశీలా, మీ ఇంట్ల కొవ్వొత్తులు ముట్టిస్తరా?"

"కరెంటు పోతే ఛార్జింగ్ లైటే అక్కా..." అంటూ సుశీల ముందుకు వచ్చి వంగింది. అంతే, టిఫిను డబ్బా ఠంగున కింద పడింది. "ఓ ప్రభువా! గిది మా చర్చి అద్దం! ప్రభు బల్ల మీదిది! ఆ మైనం మొన్న క్రిస్మస్ నాడు పడ్డది, ఎంత గీకినా పోలే!"

ప్రభు బల్ల అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల. దానియేలు ఆ సంఘంలో పెద్ద. పోయిన నెలలోనే చర్చి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఇంటికి తీసుకుపోయాడని ఒకాయనను నిలబెట్టి అందరి ముందు గద్దించింది ఈయనే.

"అదే అనుకున్న," అంది విజయశ్రీ మెల్లగా. "చెప్పు దానియేలూ. ఇగ దాస్తే జైలే."

అతను గోడకు ఆనుకొని కూలబడ్డాడు. "కిటికీ అద్దం పల్చగుంటది మేడం, కింద వంగుతది. సాపు రాదు. ఊర్ల గంత మందం అద్దం గదొక్కటే. ఆదివారం పొద్దుగాల ఆడోళ్లు చర్చి ఊడ్చి పోయినంక, ఏడున్నరకు పోయి చద్దర్ల చుట్టి తెచ్చిన. పదింటి ఆరాధన లోపట పెట్టొస్తననుకున్న. కవరు గింత వంగిందని ఎవలకు తెల్సు? అద్దం లేకుంట చర్చికి ఏ ముఖం పెట్టుకొని పోవాలె? పోలే. సారు అడిగితే చర్చిల ఉన్నన్న. ఒక్క అబద్ధం మేడం. తర్వాత ఏది చెప్పిన ఈ అద్దం బయటపడ్తదని నోరు మూసుకున్న."

"మూసుకొని జైలుకు పోతనన్నవా!" సుశీల అతని భుజం మీద రెండు దెబ్బలేసి, అదే చేత్తో అతని ముఖం తుడిచింది. "అద్దం మొత్తం మాయమైందని పాస్టరయ్య రెండు దుప్పట్లు పరిచి బల్ల కానిచ్చిండు! మా పద్మక్క దెయ్యమెత్తుకపోయిందన్నది!"

"సుశీలా, ఆ దినం అద్దం ఆఖరికి ఎవలు చూసిండ్రు?"

"నేనే అక్కా. ఏడింటికి నా చేతులతోటే తుడిచిన."

ఉమాకాంత్ చప్పట్లు కొట్టాడు. "శానా బాగుంది. చర్చి అద్దం దొంగతనం గూడ రాసుకుంట. అయితేంది మేడం? అద్దం ఏడున్నరకు తెచ్చిండు, సరే. రుద్దుడు మాత్రం గుద్ది వచ్చినంకనే రుద్దిండు. గిది పది నిమిషాల పని."

"పది నిమిషాలా?"

"అల్యూమినియం మేడం, ఇనుము కాదు. గట్టిగ రుద్దితే పది నిమిషాలు."

విజయశ్రీకి నవ్వు పెదవుల దాకా వచ్చింది, కాని బయటికి రానివ్వలేదు. ఇంకా కొత్తగా ఉన్న ఒక గరుకు కాగితం తీసింది. "ఈ కవరు సాక్ష్యం, దాన్ని ముట్టద్దు. ఆ మూలకు ఇంకో పాత కవరుంది, గంతదే. అద్దం కింద పెట్టుకో, సారూ, ఈ కాగితం అరిగి నున్నగయేదాక రుద్దు. పది నిమిషాల్ల అయితే నేను నా గది బోర్డు పీకేసుకుంట."

కానిస్టేబుల్ సాంబమూర్తి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఉమాకాంత్‌కు పౌరుషం ఎక్కువ. చిన్నప్పటి నుంచి అంతే, ఇడ్లీలు తినే పందెం కట్టి దవాఖానకు పోయిన మనిషి. అద్దం మీది పాత కాగితాన్ని, కవరును సంచిలో వేయించి సీలు వేయించాడు. చొక్కా చేతులు మడిచాడు.

పన్నెండూ నలభైకి మొదలుపెట్టాడు. రెండు నిమిషాలకు చెమట పట్టింది. ఐదు నిమిషాలకు కిరోసిన్ చిలికి ఖాకీ ప్యాంటు మీద పడింది. "ఎనిమిది తిప్పాలె సారూ, మీరు సున్నా తిప్పుతాండ్రు," అని దానియేలు గోడ దగ్గర నుంచి మొత్తుకున్నాడు, తన కేసు సంగతే మరిచిపోయి. పది నిమిషాలకు ఉమాకాంత్ "అయిపోయింది" అన్నాడు. దానియేలు లేచి వచ్చి కాగితం మీద వేలు రాసి, "ఇంక సగం పదును ఉన్నది సారూ" అన్నాడు. చివరికి కాగితం నున్నబడేసరికి సాంబమూర్తి ఫోన్‌లో పద్దెనిమిది నిమిషాలు చూపించింది. ఉమాకాంత్ రెండు అరచేతులు నల్లగా, బూడిద రంగు గుజ్జుతో నిండిపోయాయి.

"ఇగ బల్ల కింద ఉన్నయి లెక్కపెట్టు," అంది విజయశ్రీ.

సాంబమూర్తి లెక్కపెట్టాడు. తొమ్మిది.

"తొమ్మిది కాగితాలు. ఒక్కోదానికి పద్దెనిమిది నిమిషాలు. రెండుంబావు కాదు, రెండున్నర కాదు, దగ్గర దగ్గర రెండు ముప్పావు గంటలు. నువ్వన్నట్టు పదకొండూ ఇరవైకి వచ్చి కూసుంటే, మీ జీపు వచ్చిన పన్నెండున్నరకు ఉన్నది డెబ్బై నిమిషాలు. నాలుగు కాగితాలకు గూడ చాలదు."

"చెయ్యి తిరిగినోడు మేడం, తొందరగ చేస్తడు."

"చెయ్యి తిరిగినోడు నిదానంగ చేస్తడు. బలం పెట్టద్దని ఇందాక ఈయన అన్నది ఇన్నవు గదా."

"మరి అవి పాత కాగితాలైతే? పోయిన నెలయి?"

విజయశ్రీ తొమ్మిదింటినీ ఒకదాని పక్కన ఒకటి పరిచింది. తొమ్మిదింటికీ కుడి మూలన ఒకే చోట సన్నటి చిరుగు. పక్కనే ఉమాకాంత్ ఇప్పుడు అరగదీసిన కాగితం పెట్టింది. దానికీ అదే మూలన అదే చిరుగు. అద్దం పెచ్చు ఎగిరిన చోట కోసుకుపోయింది.

"ఈ తొమ్మిదీ ఈ అద్దం మీదనే అరిగినయి. ఈ అద్దం ఆదివారం ఏడింటిదాక ప్రభు బల్ల మీదనే ఉన్నది. అంటే రుద్దుడంతా ఆదివారం ఏడున్నర తర్వాతనే. నువ్వు పట్టుకున్నప్పటికి రెండు ముప్పావు గంటల పని అయింది. ఎట్ల లెక్కేసిన, సారయ్యను గుద్దక ముందే ఈ కవరు ఈ షెడ్డుల, ఈయన చేతుల ఉన్నది. మరి రోడ్డు మీద విరిగిన కవరు అప్పటికి ఎవల బండికి ఉన్నట్టు?"

ఉమాకాంత్ నల్లటి వేళ్ల మీద ఆ లెక్క మళ్లీ వేసుకున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా అతని ముఖంలో లేదు, అదొక్కటి చెప్పుకోవాలి.

"దానియేలూ, నీ శిలువ గుర్తు కవరు నీ బండి నుంచి ఎట్ల పోయింది?"

"శనారం విప్పినప్పుడే చూసిన మేడం. ఇది నా కవరు కాదు, లోపట గుర్తు లేదు. మూడు వారాల కింద కీళ్ల జ్వరమొచ్చి చెయ్యి లేవకుంటే, బండిని హనుమకొండల మొగిలయ్య దగ్గర ఇచ్చిన. అప్పటి సందే ఆయిల్ కారుతాంది. సోమారం పోయి కొట్లాడుదమనుకున్న. అంతల మీరొచ్చిండ్రు."

విజయశ్రీ మొగిలయ్యకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది. ఒంటిగంట దాటి పది నిమిషాలు.

"మొగిలయ్యా, విజయశ్రీని. దానియేలు కవరు ఎవల బండికి ఏసినవు?"

అవతల పానా కింద పెట్టిన చప్పుడు. "ఏం కవరక్కా..."

"ఉమాకాంత్ సారు ఇక్కడ్నే ఉన్నడు. చెప్తవా, ఆయన అడగాల్నా?"

"అక్కా, నీ కాల్మొక్కుత. రెండు బండ్లు ఒక్కనాడే వచ్చినయి. ఆ బండి కవరు ఎగదన్నంగ వంగింది నా చేతిల. ఆయన అర్జెంటని మీద కూసున్నడు. రెండు కవర్లు ఒక్క తీరుగనే ఉంటయి గదా, దానియేలన్న జ్వరంల ఉన్నడు, తెల్వదనుకొని మార్చిన. లోపట గుర్తున్నదని నేను సూడలే."

"ఎవల బండి?"

"పండరి సేటుది. సారయ్య సేటు బామ్మర్ది."

ఆటోల్లో తిరుగుతున్న మంచి బామ్మర్ది. ఇంజన్ కవరు పగిలిన బండి ఆయిలంతా కారిపోయాక ఎట్లా కదులుతుంది? పవర్‌లూమ్ షెడ్డును బామ్మర్దికి కాకుండా తన బిడ్డ పేర రాయిస్తానని సారయ్య అన్నది కూడా పోయిన వారమేనని సుశీల మెల్లగా చెప్పింది.

ఉమాకాంత్ ఫైలులో నుంచి అరెస్టు కాగితం తీశాడు. నిలువునా చింపి జేబులో పెట్టుకున్నాడు. దానియేలు ముందు నిలబడి, "ఆ అద్దం చర్చిల పెట్టిరా పో," అన్నాడు. "కాగితం పంచనామాల రాసుకుంటం గని, అద్దం ప్రభువుది."

సుశీల కింద పడ్డ టిఫిను తీసి, మూత తెరిచి, చల్లారిన పప్పన్నం ముద్ద చేసి మొగుడి నోట్లో పెట్టింది. రెండు రోజుల్లో అతను నమిలిన మొదటి ముద్ద అది. "పాస్టరయ్య ముందర నువ్వే ఒప్పుకోవాలె," అంది ఆమె. "పక్కన నేను నిలబడ్త." ఏడుస్తూనే నవ్వింది. దవడలు ఉబ్బించుకొని నములుతున్న దానియేలును చూసి సాంబమూర్తి కూడా నవ్వాడు. విజయశ్రీ చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దాటింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. ఒంటిగంటా ఇరవై ఐదు. సారయ్య ఉన్న దవాఖానలో వార్డు నర్సు నవత. సోమవారం పోయినప్పుడు విజయశ్రీ నంబరు ఇచ్చి, సారయ్య కళ్లు తెరిస్తే చెప్పమని వచ్చింది.

"అక్కా," స్పీకరులో నవత గొంతు గుసగుసగా ఉంది. "ఆయన కండ్లు తెరిసిండు."

"ఎప్పుడు బిడ్డా?"

"నిన్న సాయంత్రమే. నేను ఇయ్యాల గమనించిన. నోట్ల పైపు ఉన్నది, మాట్లాడరాదు. బామ్మర్ది వార్డుల అడుగు పెట్టంగనే కండ్లు మూసుకుంటాండు. ఆయన బయటికి పోంగనే తెరుస్తాండు. తెలివి లేనట్టు పండుకుంటాండక్కా, భయంతోటి."

ఉమాకాంత్ చేతులు తుడుచుకోవడం ఆపేశాడు.

"ఇప్పుడు ఆ బామ్మర్ది అంబులెన్స్ తెచ్చిండు. హైదరాబాద్ తీస్కపోతనంటాండు. డాక్టరు సారు సంతకం కావాలె, రెండింటికి వస్తడు అని చెప్పిన. డాక్టరు సారు ఎదురు రూములనే ఉన్నడు. అబద్ధమాడిన. తప్పు గదా అక్కా?"

విజయశ్రీ ఒక్కసారి దానియేలు వైపు చూసింది. "ఒక్కో అబద్ధం మనిషిని ముంచుతది, ఒక్కోటి నిలబెడ్తది బిడ్డా. నువ్వు మంచం ఇడిసి కదలకు. మేం వస్తన్నం."

అవతల తలుపు కిర్రుమంది. ఫోనుకు దూరంగా, మెత్తగా, చాలా మర్యాదగా ఒక మగ గొంతు వినిపించింది.

"సిస్టర్, డాక్టరు సారు రూముల ఫ్యాన్ తిరుగుతాంది. ఆయన రాలేదంటివి గదా?"

విజయశ్రీ తల ఎత్తేసరికి జీపు స్టార్టయింది. నల్లటి చేతులతో స్టీరింగు పట్టుకొని, ఉమాకాంత్ ముందు తలుపు తోసి పట్టుకున్నాడు.

"అక్కా, జల్ది ఎక్కు!"